చేపల పెట్టెలో పిస్తోలు

గోగులంక మండలం మొత్తం జల్లెడ పట్టినా పిస్తోళ్లు రెండే. ఒకటి ఎస్సైగారి నడుముకుంటుంది. అది గవర్నమెంటుది కాబట్టి లెక్కలోకి రాదు. రెండోది దివాణం నరసరాజుగారిది. వాళ్ల తాతగారికి ఎవరో దొర ఇచ్చి వెళ్లాడంట. దొర అంత ప్రేమగా ఎందుకిచ్చాడయ్యా అంటే, అది పేలదు కాబట్టి ఇచ్చాడని ఊళ్లో అంటారు. తాతగారి కాలంలో పేల్లేదు, నాన్నగారి కాలంలో పేల్లేదు. నరసరాజుగారు ప్రతి దసరాకీ దానికి కుంకం బొట్టెట్టి, దణ్ణం పెట్టుకుని, పెరట్లోకెళ్లి ఆకాశంలోకి గురిచూసి నొక్కుతారు. "టిక్" అంటుంది. ఇంటిల్లిపాదీ భోజనాలకి లేస్తారు.

అలాంటి మండలానికి ఓ కొత్త చట్టం వచ్చింది.

చట్టం చిన్నదే. ఇదివరకు లైసెన్సున్న మారాజైనా సరే, పిస్తోలు బండిలో పెట్టుకెళ్లాలంటే జిల్లా ఆఫీసు నుంచి విడిగా ఓ కాగితం తెచ్చుకోవాలి. ఇకమీదట ఆ కాగితం అక్కర్లేదు. తాళం ఉన్న పెట్టెలో పెట్టాలి, ఆ పెట్టె బండి నడిపేవాళ్ల చేతికి అందకూడదు. అంతే. దీనివల్ల గోగులంకలో మారాల్సిందల్లా రాజుగారి అంబాసిడర్ కారు డిక్కీ తాళం. అది కూడా ఎప్పట్నించో పోయింది కాబట్టి కొత్తది వేయించుకోవాలి.

కానీ చట్టం రాజధానిలో పుట్టి మండలం దాకా దిగాలి కదా. దిగే దారిలో మెట్టుకో ఆఫీసరు ఉంటాడు కదా. ఒట్టి ఒంటితో కిందకి పంపితే బావుండదని ప్రతివాడూ దానికో చొక్కా తొడిగాడు. తహసీల్దారు చిదంబరేశ్వర్రావుగారి బల్ల మీదకి వచ్చేసరికి అది చట్టంలా లేదు, పథకంలా ఉంది. పైన పేరుంది, కింద లబ్ధిదారులున్నారు, పక్కన టార్గెట్టుంది. గోగులంక మండలానికి నాలుగు వందల పన్నెండు పిస్తోలు బండ్లు.

తహసీల్దారుగారు ఫోన్ మీటింగులో గొంతు సవరించుకున్నారు.

"సార్, మా మండలంలో లైసెన్సు పిస్తోలు ఒక్కటే ఉందండి."

అవతల ఎవరో లెక్కల మిషను నొక్కిన చప్పుడు.

"అంటే మీ ప్రగతి సున్నా పాయింటు రెండు నాలుగు శాతమా? పక్క మండలం అరవైలో ఉందయ్యా! చట్టం యొక్క ఫలాలు చిట్టచివరి మనిషి దాకా చేరాలా వద్దా?"

"చేరాలి సార్."

"సాయంత్రం లోపు చేర్చండి."

చిదంబరేశ్వర్రావుగారు ఇరవై ఏడేళ్ల సర్వీసులో మొక్కలు నాటారు, కోడిపిల్లలు పంచారు, పొగలేని పొయ్యిలు పెట్టించారు. మొక్కలు చచ్చినా, కోళ్లు పోయినా, పొయ్యిల్లోంచి పొగొచ్చినా ఆయన శాతం ఎప్పుడూ వందకి తగ్గలేదు. ఆయన కుర్చీలోంచి లేచి, లుంగచుట్టి పెట్టుకున్న బ్యానరు తెప్పించి, పాత అక్షరాల మీద కొత్త కాగితం అంటించమన్నారు.

పది గంటలకల్లా మెయిన్ రోడ్డు మీద ర్యాలీ. ముందు హైస్కూలు పిల్లలు, వెనక పొదుపు సంఘాల ఆడవాళ్లు.

"పెట్టెలో పిస్తోలు!"

"ఇంటిల్లిపాదికి మేలు!"

పంచాయితీ ఆఫీసు ముందు ముగ్గుల పోటీ పెట్టారు. మొదటి బహుమతి ఒచ్చినావిడ ఇరవై ఒక్క చుక్కలతో పిస్తోలు వేసి, గొట్టంలో గొబ్బిపూలు పెట్టింది.

సరిగ్గా ఆ ర్యాలీ రోడ్డుకి అడ్డంగా ఉన్న టైముకి, మోపెడ్ మీద హారన్ కొట్టుకుంటా వచ్చింది చేపల మంగాయమ్మ.

సంగాని మంగాయమ్మ పద్దెనిమిదేళ్లు నెత్తి మీద గంపతో చేపలమ్మింది. రేవులో తెల్లారకుండా సరుకెత్తుకుని ఏడూళ్లు నడిచేది. గంపలోంచి కారే నీళ్లు చెవుల మీంచి దిగి జాకెట్టంతా తడిసిపోయేవి. మెడ ఒకపక్కకి తిరిగేది కాదు. ఎడంపక్కనించి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం బండిలా తిరగాల్సిందే. రెండేళ్ల కిందట మోపెడ్ కొనుక్కుంది. వెనక నీలంరంగు ఐసు పెట్టె కట్టించుకుంది. మొదటిరోజు ఏడూళ్లూ తిరిగొచ్చి, గంప తీసి పెరట్లో బోర్లించి, "ఇంక నా నెత్తి నాది" అని కోళ్లకి వదిలేసింది. మెడ ఇప్పుడు రెండుపక్కలా తిరుగుతోంది.

ఆ ఐసు పెట్టెకి తాళం ఉంది. ఎందుకంటే, ఆవిడ ఒకింటి ముందు చేపలు శుభ్రం చేస్తుంటే వీధిలో జనం మూత ఎత్తడం, మొప్పలు తిరగేసి చూడ్డం, "రేపొద్దున చూద్దాం లేవే" అని చెయ్యి దులుపుకుని పోవడం. ఇది పిల్లుల కన్నా ఎక్కువైపోయింది. అందుకని వేసింది తాళం.

"బాబుగారూ, దారివ్వండి. ఐసు కరిగిపోతంది," అంది మంగాయమ్మ.

తహసీల్దారుగారు దారివ్వలేదు. ఆ పెట్టెకేసి చూశారు. మొహం మెల్లిగా వెలిగింది.

"ఇదేంటమ్మా?"

"పెట్టండి."

"దీనికున్నదేంటి?"

"తాళవండి."

"బండి మీద కూర్చుని చెయ్యి వెనక్కి పెట్టు. అందుతోందా?"

మంగాయమ్మ చెయ్యి వెనక్కి చాపింది. "అందట్లేదండి. అందితే దిగడమెందుకండి ఊరికే?"

తహసీల్దారుగారు వెనక్కి తిరిగి స్టాఫుకేసి చూశారు. "చూశారా? చట్టంలో చెప్పిన రెండు షరతులూ ఉన్నాయి. తాళం ఉంది. చేతికి అందదు. ఒక్క కాగితం ముక్క లేకుండా, ఎవరూ చెప్పకుండా, ఓ సామాన్య మహిళ తనంతట తాను చట్టాన్ని అమలు చేసింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. మంగాయమ్మ మెడలో దండ పడింది.

"ఇందులో చేపలున్నాయండి," అంది మంగాయమ్మ, మాలతీ ముద్దబంతీ కలిపిన ఆ దండని చేత్తో పట్టుకుని.

"చేపలుండకూడదని చట్టంలో లేదమ్మా."

"పిస్తోలు లేదండి."

"అది నీ ఇష్టమమ్మా. ప్రభుత్వం సదుపాయం కల్పిస్తుంది. వాడుకోవడం, వాడుకోకపోవడం లబ్ధిదారుల విచక్షణ. ఇక్కడ ఓ సంతకం పెట్టు."

"దేనికండి?"

"వెళ్లిపోవడానికి."

ఐసు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతోంది. మంగాయమ్మ సంతకం పెట్టేసింది. పెట్టె మీద గుండ్రటి స్టిక్కరు అంటించారు. 'ఇది చేతితుపాకి వాహనము. వరుస సంఖ్య 1.' మధ్యలో నవ్వుతున్న పిస్తోలు బొమ్మ. ఆవిడ మనసులో అనుకుంది: పోన్లే, ఈ బొమ్మ చూసైనా మూత ఎత్తడం మానతారు.

దారి దొరికాక మిగతావి చకచకా అయిపోయాయి. స్కూలు బస్సులో మందుల పెట్టెకి తాళం ఉంది, రాసెయ్. పాల వ్యాను, రాసెయ్. చర్చి వాళ్ల జీపులో కానుకల పెట్టె, రాసెయ్. ట్రాక్టర్ల పనిముట్ల డబ్బాలు, పెళ్లివంటల వెంకటరత్నం మసాలా పెట్టె, మైకుసెట్టు వాళ్ల వైర్ల పెట్టె. సాయంత్రం ఆరింటికి నాలుగు వందల పదకొండు. ఇంకొకటి తక్కువైంది. అప్పుడెవరికో గుర్తొచ్చింది, అసలు పిస్తోలున్న రాజుగారి కారు రాయలేదని. రాశారు. నూరు శాతం.

రెండు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తర్వాత పంచాయితీ ఎలక్షన్లు వచ్చాయి.

ఎలక్షనంటే ఓ పద్ధతుంది. మండలంలో ఎవరి దగ్గర ఏ లైసెన్సు ఆయుధం ఉన్నా, ఓట్ల లెక్కింపు అయ్యేదాకా స్టేషన్లో పెట్టి రసీదు తీసుకోవాలి. ఎప్పుడూ నరసరాజుగారొక్కరే పట్టు పంచె కట్టుకుని వెళ్లి, తన పిస్తోలు అప్పజెప్పి, కాఫీ తాగి వచ్చేవారు. ఈసారీ అలాగే వెళ్లి వచ్చారు.

కానీ ఈసారి ఎస్సై ప్రతాపవర్మగారి దగ్గర తహసీల్దారాఫీసు నించి వచ్చిన జాబితా ఉంది. నాలుగు వందల పన్నెండు చేతితుపాకి వాహనాలు. స్టేషన్లో ఉన్నది ఒక పిస్తోలు. ఎస్సైగారికి ఆ రాత్రి తిండి సయించలేదు. నాలుగు వందల పదకొండు పిస్తోళ్లు జనం మధ్య తిరుగుతున్నాయి!

మర్నాడు పొద్దున్నే కాలవ వంతెన దగ్గర ఇనప బారికేడ్లు. మొట్టమొదట దొరికింది వరుస సంఖ్య ఒకటి.

"దిగు," అన్నారు ఎస్సైగారు.

మంగాయమ్మ దిగింది.

"తాళం తియ్."

తీసింది. పైన ఐసు, కింద చందువా చేపలు, పక్కన సంచిలో పీతలు. హెడ్డు కానిస్టేబులు దైవసహాయం మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికి, ఒక పీత వేలు పట్టుకుంటే కెవ్వుమని చేతులు లాక్కున్నాడు.

"సార్, పిస్తోలు లేద్సార్."

ఎస్సైగారి మొహం సీరియస్ అయింది. "అంటే పెట్టెలో లేదన్నమాట."

"లేదు బాబూ," అంది మంగాయమ్మ సంతోషంగా, అయిపోయిందనుకుని.

"చట్టప్రకారం పిస్తోలు పెట్టెలో ఉండాలి. పెట్టెలో లేదంటే పెట్టె బయట ఉన్నట్టు. పెట్టె బయట ఉండడం నేరం. ఎలక్షన్ టైములో ఇంకా పెద్ద నేరం. ఎక్కడ పెట్టావ్?"

"అసలు లేదు బాబూ! నా జన్మలో పిస్తోలు చూళ్లేదు. మీ నడుం దగ్గరున్నదే చూట్టం."

"సంతకం నీదేనా?"

"నాదే."

"స్టిక్కరు నీదేనా?"

"వాళ్లే అతికించారు."

"వరుస సంఖ్య ఒకటి," అన్నారు ఎస్సైగారు హెడ్డుకేసి తిరిగి, గొంతు తగ్గించి. "ఒకటి ఎవరికిస్తారయ్యా? నాయకుడికిస్తారు. ఈవిడ తర్వాతే మిగతా వాళ్లందరూ చేరారు."

దైవసహాయం మంగాయమ్మని చిన్నప్పట్నించీ ఎరుగును. పిన్నీ అని పిలుస్తాడు. అయినా యూనిఫాంలో ఉన్నాడు కాబట్టి ఓ అడుగు వెనక్కేశాడు.

బండి స్టేషన్ ఆవరణలో వేప చెట్టు కింద పెట్టి గొలుసేశారు. ఆయుధం అప్పజెప్పేదాకా బండి కదలదు.

మంగాయమ్మ ఇంటికొచ్చి, పెరట్లో గంప కింద పొదుగుతున్న కోడిని లేపి, గంప కడిగి, చుట్టకుదురు వేసుకుని నెత్తికెత్తుకుంది. మూడో ఊరు వచ్చేసరికి మెడ బిగిసింది. నాలుగో ఊళ్లో పంతులమ్మ వాసంతిగారు, వారానికి రెండుసార్లు పీతలు తప్పకుండా తీసుకునే మనిషి, గేటు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి చికెన్ తెప్పించేసుకున్నారు.

"రేపైనా టైముకొస్తావా మంగా?" అన్నారావిడ.

మంగాయమ్మ ఎడంపక్కకి తిరగబోయి, తిరగలేక, మనిషి మొత్తం తిరిగింది. ఆ తిరగడంలోనే నిర్ణయించుకుంది. చచ్చినా రేపు గంప ఎత్తను.

తిన్నగా తహసీల్దారాఫీసుకి పోయింది.

"బాబుగారూ, నా పేరు కొట్టెయ్యండి."

చిదంబరేశ్వర్రావుగారు నొచ్చుకున్నారు. "కొట్టెయ్యడమా? అమ్మా, చేరడానికి ఫారం ఉంది. తియ్యడానికి ఫారం రాలేదు. పైనించి రాదు కూడా. ఏ పథకంలోనైనా లబ్ధిదారుల సంఖ్య పెరుగుతుంది గానీ తరగదు. తరిగితే అది వెనకబాటు అవుతుంది."

"మరి నా దగ్గర పిస్తోలు లేదని ఓ కాగితం ముక్క రాసివ్వండి."

"తప్పకుండా. ఇలాంటివాటికి ఓ విధానం ఉంది. నీ దగ్గర పిస్తోలు లేదని నేను ధ్రువీకరించాలంటే, నీ పిస్తోలు స్టేషన్లో ఉందని పోలీసువారు రసీదివ్వాలి. స్టేషన్లో ఉంటే నీ దగ్గర లేనట్టే కదా?"

"స్టేషన్లో పెట్టాలంటే ముందు నా దగ్గర ఉండాలి కదండీ."

"అక్కడికే వస్తున్నా," అన్నారు తహసీల్దారుగారు మెచ్చుకోలుగా. "నువ్వు త్వరగా గ్రహిస్తావు."

మంగాయమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. కాసేపు ఏడుద్దామనుకుంది గానీ ఆవిడకి ఏడుపు కన్నా కోపం తొందరగా వస్తుంది, కోపం కన్నా ఉపాయం తొందరగా వస్తుంది. లేచి ఎదురుగా ఉన్న వీర్రాజు కొట్లోకి నడిచింది.

"వీర్రాజూ, పిస్తోలుందా?"

వీర్రాజు పప్పు తూస్తా ఉన్నవాడు తల ఎత్తకుండానే, "ఏ సైజు కావాలక్కా?" అన్నాడు.

"నిజంగా ఉందా!"

"పోయిన దీపావళి సరుకు అటక మీద పడుంది. పిల్లకాయలు ఇప్పుడు తుపాకులు కొనట్లేదక్కా, అందరికీ ఫోన్లే."

నిచ్చెనేసుకుని దించాడు. రేకు పిస్తోలు, ఎర్రరంగు. పిడి మీద సింహం బొమ్మ. లోపల ఎర్ర బిళ్ళల రీలు పెట్టి నొక్కితే ఠాప్ మంటుంది, కొంచెం మందు వాసనొస్తుంది. మంగాయమ్మ అక్కడే నొక్కి చూసింది. ఠాప్. పప్పు బస్తా మీద పిల్లి గోడ దూకింది.

"ఇది రాజుగారి దానికన్నా మేలు," అంది.

స్టేషన్లో హెడ్డు దైవసహాయం దాన్ని బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిన్నీ, ఇది బొమ్మ."

"బొమ్మని నీ ఫారంలో ఎక్కడైనా అడిగారేంట్రా?"

దైవసహాయం ఫారం తీశాడు. నిజమే. 'ఆయుధపు రకము': చేతితుపాకి. 'రంగు': ఎరుపు. 'తయారీ స్థలము': పిడి మీద ఊరి పేరుంది, చూసి రాసుకున్నాడు. 'తూటాలు': ఒక రీలు, అందులో ఒకటి వాడినది. 'పనిచేయు స్థితి'. ఇక్కడ కలం ఆగింది.

"పేలుద్దా?"

మంగాయమ్మ నొక్కింది. ఠాప్!

లోపలి గదిలోంచి ఎస్సైగారు నడుం మీద చెయ్యేసుకుని పరిగెత్తుకొచ్చారు. "ఎవరది కాల్చింది?"

"పరీక్షించాం సార్. పనిచేస్తుంది," అన్నాడు దైవసహాయం, 'పనిచేయును' అని రాస్తూ.

ఎస్సైగారు పిస్తోలు చూశారు, ఫారం చూశారు. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆయన సర్వీసులో ఇంత నిండైన ఫారం చూళ్లేదు. నరసరాజుగారి ఫారంలో 'పనిచేయు స్థితి' దగ్గర ఎప్పుడూ ఓ గీత ఉంటుంది. ఎస్సైగారు లెక్కేసుకున్నారు. ఇది తీసుకోకపోతే ఇంకా నాలుగు వందల పదకొండు దొరకాలి. తీసుకుంటే నాలుగు వందల పది.

"ట్యాగు కట్టు," అన్నారు.

రసీదు, బండి తాళం రెండూ చేతికొచ్చాయి. మంగాయమ్మ స్టేషన్ గేటు దాటుతుండగానే రెండుసార్లు హారన్ కొట్టింది, ఎవరూ అడ్డం లేకపోయినా.

మధ్యాన్నానికి వీర్రాజు అటక ఖాళీ. పాలవాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, చర్చి ఫాదరుగారు, మసాలా వెంకటరత్నం అందరూ స్టేషన్ ముందు వరస కట్టారు. రేకువి అయిపోతే ప్లాస్టిక్‌వి వచ్చాయి. ప్లాస్టిక్‌వి అయిపోతే హోళీకి నీళ్లు చిమ్మేవి వచ్చాయి. వాటికి 'పనిచేయు స్థితి' చూసే సరికి దైవసహాయం చొక్కా తడిసిపోయింది. వడ్రంగి బ్రహ్మాజీ టేకుతో డజన్లకొద్దీ చెక్కిచ్చాడు. అవి పేలవు కాబట్టి తెచ్చినోళ్లే నోటితో "ఢాం" అనాల్సి వచ్చింది. దైవసహాయం 'నోటితో పనిచేయును' అని రాసుకున్నాడు. స్కూలు బస్సు డ్రైవరు ఢాం అనడం మరీ మెల్లగా ఉందని మళ్లీ అనిపించారు.

మూడో రోజుకి గోగులంక స్టేషన్లో నాలుగు వందల పన్నెండు ఆయుధాలు. లాకప్పులో ఉన్న ఒకే ఒక కోడిపందేల ముద్దాయిని వరండాలోకి మార్చి, ఆ గదిని ఆయుధాగారం చేశారు. గుమ్మం దగ్గర నిజం తుపాకితో ఒక కానిస్టేబులు కాపలా.

ఎలక్షను ప్రశాంతంగా జరిగింది. ఎప్పుడూ ప్రశాంతంగానే జరుగుతుంది. గోగులంకలో ఓడినోడూ గెలిచినోడూ సాయంత్రం ఒకే కొట్లో పకోడీ తింటారు. కానీ ఈసారి దానికి కారణం దొరికింది. 'మారణాయుధాలు నాలుగు వందల పన్నెండు స్వాధీనం. కాల్పులు సున్నా.' జిల్లా నించి పెద్దాఫీసరుగారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురు.

పెద్దాఫీసరు వస్తున్నారంటే మన ఆఫీసుల్లో మొదట జరిగేది సున్నం. ఆయుధాగారానికి సున్నం వేయించాలి. సున్నం పడితే ట్యాగులు పాడవుతాయి, రికార్డు పోతుంది. అందుకని ఎస్సైగారు చాలా ముందుచూపుతో ట్యాగులన్నీ విప్పించి, వరుస సంఖ్య తప్పకుండా ఓ దారానికి గుచ్చి, బీరువాలో భద్రంగా పెట్టించారు. సున్నం ఆరాక పిస్తోళ్లని చూపుకి బావుండేలా మళ్లీ కొత్త వరసలో చక్కగా పేర్చి, మొదటి ట్యాగు మొదటిదానికి, రెండోది రెండోదానికి కట్టించారు. ఒక్క ట్యాగు కూడా తప్పిపోలేదు.

పెద్దాఫీసరుగారు గుమ్మంలో నిలబడే చూశారు, లోపల సున్నం వాసనగా ఉందని. "అద్భుతం," అన్నారు. తహసీల్దారుగారికి ఒక శాలువా, ఎస్సైగారికి ఒక శాలువా.

ఆ తర్వాత ఇంటింటికీ నోటీసొచ్చింది. 'తమ ఆయుధమును ఏడు దినముల లోపు తీసుకొనిపోవలెను. లేనియెడల ఆయుధమును వదిలివేసినట్లు భావించి, తమ వాహనముపై చర్య తీసుకొనబడును.'

మంగాయమ్మ మొదటిరోజే వెళ్లింది. దైవసహాయం వరుస సంఖ్య ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. చెయ్యి బరువుకి కిందకి జారింది.

నల్లగా ఉంది. రెండు కిలోల మాగ చేపలా బరువుగా ఉంది. పిడి సందుల్లో ఏళ్లనాటి దసరా కుంకం.

"ఒరే దైవసాయం, ఇది నాది కాదురా. నాది ఎర్రది. సింహం ఉంటది."

దైవసహాయం ట్యాగు చూశాడు. "ఒకటి. నీదే."

"రాజుగారిదిరా ఇది!"

"పిన్నీ," అన్నాడు దైవసహాయం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి. "ఇది నీది కాదంటే నీది పోయినట్టు రాయాలి. నీది పోయినట్టు రాస్తే దొరికేదాకా బండి..."

వేప చెట్టు కింద గొలుసు ఇంకా అక్కడే వేళ్లాడుతోంది. మంగాయమ్మ మెడ దానంతటదే ఓసారి కలుక్కుమంది.

"నాదే," అంది. సంతకం పెట్టి, ఐసు పెట్టెలో పడేసి, తాళం వేసింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. పరాయి సొమ్ము. అందులో దేవుడి బొట్టున్నది. తిన్నగా దివాణానికి బండి తిప్పింది.

దివాణం ముందు జనం. ఏదో అయిందనుకుని గుంపులోంచి తోసుకుని వెళ్లి చూస్తే, పెరట్లో నరసరాజుగారు పట్టు పంచెలో నిలబడి ఉన్నారు. చేతిలో ఎర్ర పిస్తోలు. ఆకాశంలోకి గురి. చుట్టూ కుటుంబం.

ఠాప్!

కొబ్బరిచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. రాజుగారి భార్య సీతాయమ్మగారు కళ్లొత్తుకున్నారు. రాజుగారు గొట్టంలోంచి వచ్చే పొగ కళ్లు మూసుకుని వాసన చూశారు.

"మా తాతగారు దీనికోసం కలలు కన్నార్రా," అన్నారు. "పోలీసువారు బాగుచేసి పంపించారు! రంగు కూడా వేయించారు!"

మంగాయమ్మ దగ్గరికెళ్లి చెవిలో చెప్పింది. "బాబుగారూ, మీది నా పెట్టెలో ఉందండి. మీ చేతిలోది నాదండి. వీర్రాజు కొట్టుదండి."

రాజుగారు ఎర్ర పిస్తోలు పిడి మీద సింహాన్ని బొటనవేలితో తుడిచారు.

"మంగాయమ్మా."

"ఆయ్."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. మూడు తరాల తర్వాత దివాణంలో చప్పుడైంది. నీకు పుణ్యముంటుంది. దాన్ని నువ్వే ఉంచేసుకో. ఇదుగో, ఈ రీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఓ మాట చెప్పి వెళ్లు."

చెప్పి వెళ్లింది.

వారం తర్వాత కాలవ వంతెన దగ్గర మళ్లీ బారికేడ్లు. శాలువా వచ్చిన దగ్గర్నించీ ఎస్సైగారికి తనిఖీల మీద మమకారం పెరిగింది. ఆ ఉదయం నలభై బండ్లు ఆపితే ఒక్కదానిలో కూడా సరిగ్గా లేదు. ఒకడి పిస్తోలు పిల్లాడు ఆడుకుంటా విరగ్గొట్టేశాడు. ఒకడిది వాళ్లావిడ పొయ్యిలో పెట్టేసింది, టేకు కదా. వెంకటరత్నం పిస్తోలు మసాలా పెట్టెలో ఉంది గానీ గొట్టం నిండా మిరియాలు.

మంగాయమ్మ బండి ఆగింది. మెడ నిక్కించుకుని దిగింది. తాళం తీసింది. ఎస్సైగారు తొంగిచూశారు. ఐసు, ఐసు కింద చందువాలు.

"ఆయుధమేదీ?"

మంగాయమ్మ చెయ్యి పెట్టి, రెండు పెద్ద చందువాల మధ్యనించి దాన్ని గొట్టం పట్టుకుని పైకి లాగింది. చల్లటి నీళ్లు కారుతున్నాయి. పిడికి ఓ పొలుసు అంటుకుంది. అలవాటు కొద్దీ తిరగేసి చూపించింది. "తాజాగానే ఉంది బాబూ, చూసుకోండి."

ఎస్సైగారు చూశారు. ట్యాగుంది. రసీదుంది. తాళముంది. చేతికి అందట్లేదు. రిజిస్టరులో ఉన్న నంబరు పెట్టెలో ఉంది. ఆయన టోపీ సర్దుకున్నారు.

"నాలుగు వందల పన్నెండు బండ్లలో చట్టప్రకారం నడుస్తున్న బండి నీదొక్కటేనమ్మా," అని సెల్యూట్ కొట్టారు.

"అయితే ఇంక నన్ను ఆపరుగా?"

"నిన్నెవరాపుతారమ్మా!"

మంగాయమ్మ రెండుసార్లు హారన్ కొట్టి వంతెన దిగింది. నాలుగో ఊళ్లో వాసంతి పంతులమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, గిన్నె పట్టుకుని.

"టైముకొచ్చావే మంగా! పీతలు శుభ్రం చేసి ఇయ్యి. డెక్కలు చితక్కొట్టు, బడికి టైమవుతోంది."

మంగాయమ్మ అరుగు మీద పీతని బోర్లించి, చితక్కొట్టడానికి రాయి కోసం చుట్టూ చూసింది. పంతులమ్మగారి వాకిలి అద్దంలా తుడిచి ఉంది. రాయన్నది లేదు. పెట్టెలోకి చెయ్యి పెట్టి పిస్తోలు తీసింది. గొట్టం చేత్తో పట్టుకుని, పిడి పైకెత్తి, పీత డెక్క మీద ఒక్కటేసింది.

ఢాం!

"అబ్బా, ఎంత బాగా పగిలిందే," అన్నారు పంతులమ్మగారు. "మంచి పనిముట్టు కొన్నావు."

"దొరలదండి," అంది మంగాయమ్మ, రెండో డెక్క సరిచేసుకుంటూ. "పాతకాలం సరుకు. గట్టిగా ఉంటది."